పల్నాటి ఎండలో వాల్వు యాంప్లిఫయర్: శూన్యనాళికల జీర్ణత, ధ్వనిపై దాని ప్రభావం

వ్యాససంగ్రహం

ఇళ్లలో మిగిలి ఉన్న వాల్వు రేడియోలు, రేడియోగ్రాములు, యాంప్లిఫయర్ల ధ్వని కాలక్రమంలో మారిపోతుంది. ఈ మార్పు మొత్తాన్నీ వాల్వుల జీర్ణతకే అంటగట్టడం సాధారణంగా కనిపించే అభిప్రాయం. వాల్వు లోపల జరిగే భౌతిక, రసాయన మార్పులు ఏవి, వాటిలో చెవికి చేరేవి ఏవి, వేడిమికీ వోల్టేజి హెచ్చుతగ్గులకూ పేరుపడిన గురజాల ప్రాంతంలో వాల్వును నిజంగా దెబ్బతీసేవి ఏవి అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎండ వాల్వుకంటే దాని పక్కనున్న కండెన్సరును ముందుగా దెబ్బతీస్తుందనీ, ఆ కండెన్సరే తరువాత వాల్వును చంపుతుందనీ ఇందులో ప్రతిపాదించడమైనది.

కీలకపదాలు: శూన్యనాళిక, వాల్వు, కాథోడ్, ఎలక్ట్రాన్ ఉద్గారం, కప్లింగ్ కండెన్సరు, రేడియోగ్రాము, గురజాల, పిడుగురాళ్ల, సున్నం.

1. ప్రవేశిక

గురజాల అనగానే తెలుగు పాఠకునికి నలగామరాజు, నాయకురాలు నాగమ్మ, కోడిపోరు, కారంపూడి రణక్షేత్రం స్ఫురిస్తాయి. ఇక్కడి ప్రస్తావన ఆ వీరగాథ కాదు. ఇరవయ్యో శతాబ్దపు నడిమి దశాబ్దాలలో పద్యమైనా, హరికథ అయినా, వార్త అయినా పల్నాటి పల్లెకు చేరడానికి ఆధారమైన ఒక గాజుబుడ్డి. 1938 జూన్ 16న మద్రాసు ఆకాశవాణి కేంద్రమూ, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమూ ప్రసారాలు మొదలుపెట్టాయి. వాటిని విన్న తొలితరం రేడియోలన్నీ వాల్వు రేడియోలే. తిరునాళ్లలో, పెళ్లిపందిళ్లలో మోగిన మైకుసెట్లలోనూ, టూరింగ్ టాకీసు తెర వెనుక స్పీకరును మోగించిన యాంప్లిఫయర్లలోనూ ఉన్నవి వాల్వులే. బెంగుళూరులో 1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ 1961లో రిసీవింగ్ వాల్వుల తయారీ చేపట్టింది. అటుపై కొన్నేళ్లకే ట్రాన్సిస్టరు వచ్చి పల్లెల్లో స్థిరపడింది. అందువల్ల స్వదేశీ వాల్వుకు ఇళ్లలో ఏకచ్ఛత్రాధిపత్యం దక్కిన కాలం చాలా స్వల్పం.

అయినా వాల్వు సెట్లు పూర్తిగా కనుమరుగు కాలేదు. అటకల మీద, పాత బీరువాల పక్కన, కొన్ని ఇళ్లలో ఇంకా పనిచేసే స్థితిలో అవి మిగిలి ఉన్నాయి. ఇటీవలి కాలంలో వాటిని బాగుచేయించి వినాలన్న ఆసక్తి కూడా పెరిగింది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సెట్టు గొంతు పీలగా ఉంటే "వాల్వులు వీకయ్యాయి" అన్న మాట వెంటనే వినిపిస్తుంది. మంచి వాల్వు చెత్తబుట్టలో పడుతుంది. వెలపోసి కొన్న వాల్వు దాని స్థానంలో చేరి, అసలు దోషం అలాగే మిగిలి ఉన్నందువల్ల, కొద్ది నెలలకే అదీ పాడవుతుంది. రష్యా, స్లొవేకియా, చైనాలలో కొన్ని రకాలు నేటికీ తయారవుతున్నా, పాత రేడియోలకు కావలసిన అనేక రకాల తయారీ ఎన్నడో ఆగిపోయింది. నిల్వ ఉన్నవే గతి. ఒక్కొక్క వాల్వును అకారణంగా పారవేయడం తిరిగి పూడ్చుకోలేని నష్టం.

2. సున్నపు బట్టీ, కాథోడ్

వాల్వు ముసలిదవడం అంటే ప్రధానంగా దాని కాథోడ్ ముసలిదవడమే. కాథోడ్ సంగతి పల్నాటివారికి బోధపరచడానికి దూరపు ఉపమానం అక్కరలేదు, పిడుగురాళ్ల చాలు. అక్కడి బట్టీలలో సున్నపురాయిని, అంటే కాల్షియం కార్బొనేటును కాలుస్తారు. బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి కాల్షియం ఆక్సైడు, అంటే పొడిసున్నం మిగులుతుంది. వాల్వు తయారీలో జరిగేదీ ఇదే చర్య. నికెల్‌తో చేసిన సన్నని గొట్టం మీద బేరియం, స్ట్రాన్షియం కార్బొనేట్లను, కొన్నిటిలో కొద్దిపాటి కాల్షియం కార్బొనేటును కలిపి పూత పూస్తారు. గాజుబుడ్డిలోని గాలిని పంపుతో తోడుతూ ఆ గొట్టాన్ని వేడిచేస్తే కార్బొనేట్లు ఆక్సైడ్లుగా మారతాయి. వెలువడిన వాయువును పంపు లాగివేస్తుంది. ఆపై బుడ్డిని మూసి ముద్రవేస్తారు. గాజు లోపల జరిగే సున్నపు బట్టీ అది.

ఈ పోలిక పైపై పోలిక కాదు. కాలిన ఆక్సైడ్లు ఎలక్ట్రాన్లను సులువుగా విడుదల చేస్తాయని 1904లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆర్థర్ వేనెల్ట్ ప్రకటించాడు. ఆయన వాడినవి ప్లాటినం మీద పూసిన సున్నమూ, దాని సజాతి ఆక్సైడ్లూ. అదే ఏడాది ఇంగ్లండులో జాన్ ఆంబ్రోజ్ ఫ్లెమింగ్ రెండు ధ్రువాల వాల్వుకు పేటెంటు కోరాడు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ గ్రిడ్ అనే మూడో ధ్రువాన్ని చేర్చడంతో వాల్వు ధ్వనిని పెంచగల పరికరంగా మారింది. సాదా టంగ్‌స్టన్ తీగ ఎలక్ట్రాన్లను విడవాలంటే రెండువేల డిగ్రీల సెల్సియస్‌కు పైబడి కాగాలి. ఆక్సైడు పూతకు ఎనిమిది వందల డిగ్రీల లోపు వేడి చాలును. ఇంటి రేడియో కొద్ది వాట్ల విద్యుత్తుతో నడవగలిగిందంటే ఈ పూతే కారణం.

పొడిసున్నం స్వభావం తెలిసినవారికి మరొక విషయం కూడా సులభంగా తడుతుంది. బట్టీ నుండి తీసిన సున్నాన్ని గాలికి వదిలితే తేమ పీల్చి పూసిపోతుంది. బేరియం ఆక్సైడు అంతకంటే తొందరపాటుది. అందుచేతనే పూత పూసేటప్పుడు ఆక్సైడును కాక గాలికి నిలిచే కార్బొనేటును వాడతారు. బుడ్డిలోకి గాలి ఏమాత్రం దూరినా కాథోడ్ పనికిరాకుండా పోతుంది. మిగిలిపోయిన కొద్దిపాటి వాయువును పట్టుకోవడానికే బుడ్డి లోపలి గాజుమీద అద్దంలా మెరిసే బేరియం పొర ఉంటుంది, దీనినే గెటర్ అంటారు. ఆ మెరుపు తెల్లని సున్నపు మరకగా మారిందంటే గాలి దూరినట్లే. ఆ వాల్వును పరీక్షించవలసిన అవసరం కూడా లేదు.

3. వాల్వు లోపలి జీర్ణత

ఎలక్ట్రాన్లను విడిచేది నిజానికి ఆక్సైడు పూత మొత్తం కాదు. పూతలో అతి స్వల్పంగా ఉండే స్వేచ్ఛా బేరియం దానికి మూలం. నికెల్‌లో ఉద్దేశపూర్వకంగా ఉంచిన సిలికాన్, మెగ్నీషియం వంటి మూలకాలు ఆక్సైడును నెమ్మదిగా క్షయకరించి బేరియంను పుట్టిస్తుంటాయి. వేడికి అది ఆవిరై పోతుంటుంది. పుట్టుక పోకడలు సమానంగా ఉన్నంతకాలం వాల్వు యౌవనంలో ఉన్నట్టు. పుట్టుక మందగించిన నాటి నుండి వార్ధక్యం.

ఈ వార్ధక్యం దీపంలో నూనె తరిగినట్లు క్రమంగా కనిపించదు. కాథోడ్ చుట్టూ ఎలక్ట్రాన్ల మేఘం ఒకటి ఎప్పుడూ కమ్ముకొని ఉంటుంది. ప్లేటు వైపు వెళ్లే ప్రవాహాన్ని నిర్ణయించేది గ్రిడ్, ప్లేటుల వోల్టేజీలు. కాథోడ్ ఎంత విడువగలదన్నది కాదు. అవసరానికి ఎన్నో రెట్ల నిల్వ ఉన్న చెరువు వంటిది ఆ మేఘం. చెరువు సగం ఎండినా తూము దగ్గర ధార తగ్గదు. నీటిమట్టం తూము దాకా దిగిన తరువాతనే తేడా తెలుస్తుంది. వేల గంటలు ఒకే తీరుగా పనిచేసిన వాల్వు ఆపై కొద్దికాలంలోనే చతికిలపడడానికి హేతువు ఇదే. ధ్వని "రోజురోజుకూ కొంచెంకొంచెంగా" మారిందని చెప్పేవారి అనుభవానికి వాల్వు కంటే ఇతర భాగాలే ఎక్కువ బాధ్యత వహించవలసి ఉంటుంది.

ఉద్గారం తరగడం ఒక్కటే జీర్ణత కాదు. నికెల్‌కూ పూతకూ నడుమ బేరియం సిలికేటు వంటి సమ్మేళనంతో ఒక పలుచని పొర ఏర్పడవచ్చు. అది కాథోడ్‌కు వరుసగా పెట్టిన రెసిస్టెన్సులా పనిచేసి వాల్వు పెంచే శక్తిని తగ్గిస్తుంది. హీటరు వెలుగుతూ, ప్లేటు ప్రవాహం మాత్రం లేని స్థితిలో ఈ పొర త్వరగా పెరుగుతుంది. అందువల్ల వాల్వును "కాపాడడానికి" గంటల తరబడి స్టాండ్‌బైలో ఉంచడం మేలుకంటే కీడే చేస్తుంది. ఈ పొర వల్ల హెచ్చుస్వరాలు మసకబారుతాయన్న మాట కూడా కొన్నిచోట్ల వినిపిస్తుంది. పొర పక్కనే ఉండే స్వల్ప కెపాసిటీ కారణంగా దాని ప్రభావం మారడం మొదలయ్యేది వినికిడి అవధికి చాలా పైనున్న పౌనఃపున్యాలలో. వినగల స్వరాలన్నిటినీ అది సమానంగానే తగ్గిస్తుంది.

ఆవిరైన బేరియం వెళ్లి గ్రిడ్ తీగలమీద పేరుకుంటే, వేడెక్కిన గ్రిడ్ కూడా ఎలక్ట్రాన్లను విడవడం మొదలుపెడుతుంది. బుడ్డిలో వాయువు మిగిలితే ఎలక్ట్రాన్ల తాకిడికి అది ధనావేశిత అయాన్లుగా మారి, కొన్ని కాథోడ్ మీద పడి పూతను గాయపరుస్తాయి, కొన్ని గ్రిడ్‌కు చేరుతాయి. రెంటి ఫలితమూ ఒకటే. గ్రిడ్ వోల్టేజి ధనదిశగా జరిగి, ప్లేటు ప్రవాహం పెరిగి, వేడి పెరిగి, ఆ వేడికి మరింత వాయువు విడుదలవుతుంది. చీకట్లో చూస్తే ప్లేటు ఎర్రగా కనిపించే దశ ఇది. ఇక హీటరుకూ కాథోడ్‌కూ నడుమనున్న బంధక పూత చెడితే యాభై హెర్ట్జ్ గుమగుమ, లోపలి అభ్రకపు బిళ్లలలో పట్టు సడలితే బల్ల తట్టినా టంగుమనే మోత. వీటి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, చెవే చెబుతుంది.

4. చెవికి చేరేది ఏది?

అన్ని వాల్వులూ ఒకే తీరున ముసలివి కావు. ఇంటి యాంప్లిఫయర్లలో సాధారణంగా కనిపించే రెండు వాల్వులను పోలిస్తే ఇది స్పష్టమవుతుంది. తొలిదశలో సన్నని సంకేతాన్ని పెంచే ఈసీసీ83 వాల్వులో ఒక్కొక్క అర నుండి ప్రవహించేది ఇంచుమించు ఒక మిల్లీ ఆంపియరు. స్పీకరును నడిపే ఈఎల్84 వాల్వులో 250 వోల్టుల వద్ద ప్లేటు ప్రవాహం 48 మిల్లీ ఆంపియర్లు. అంటే పన్నెండు వాట్లు. ఆ వాల్వు ప్లేటుకు తయారీదారులు నిర్దేశించిన గరిష్ఠ పరిమితి కూడా పన్నెండు వాట్లే. ఒకటి నీడపట్టున కూర్చునే ఉద్యోగి, రెండవది బస్తాలు మోసే కూలీ. ఈసీసీ83 ఉద్గారం తరిగి చావడం అరుదు. గరగర, గుమగుమ, మోతల వల్లనే దానిని తీసివేయవలసి వస్తుంది. ఈఎల్84 మాత్రం నిజంగానే అరుగుతుంది.

అరిగిన పవర్ వాల్వు తొలి సూచన నెమ్మదైన పాటలో దొరకదు. సంకేతం శిఖరానికి చేరినప్పుడు ప్లేటు ప్రవాహం 48 నుండి దానికి దాదాపు రెట్టింపు వరకు లేవవలసి ఉంటుంది. నిల్వ అడుగంటిన కాథోడ్ ఆ శిఖరాన్ని అందించలేదు. అందువల్ల తరంగం ఒక పక్క తల నొక్కినట్లవుతుంది. నాదస్వరం పైస్థాయికి వెళ్లినప్పుడు, మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడు బిగువు పోయి నలిగినట్లు వినిపిస్తుంది. వార్తలు మాత్రం ఎప్పటిలాగే స్పష్టంగా ఉంటాయి. వార్తలు మాత్రమే వినే ఇంట్లో ఈ వాల్వు మరికొన్నేళ్లు ఎవరి ఫిర్యాదూ లేకుండా గడిపేస్తుంది.

సర్క్యూట్ కూడా వార్ధక్యాన్ని దాచిపెడుతుంది. ఇంగ్లండులో డి. టి. ఎన్. విలియమ్సన్ 1947లో ప్రచురించిన యాంప్లిఫయర్, ఆ తరువాతి మల్లార్డ్ కంపెనీ డిజైన్లు మొదలైనవి స్పీకరు దగ్గరి సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కు పంపి లోపాలను సరిదిద్దుకొనే పద్ధతిని అనుసరించాయి. అటువంటి యాంప్లిఫయర్‌లో వాల్వు శక్తి మూడోవంతు తగ్గినా చెవికి దాదాపు ఏమీ తెలియదు. దాపరికానికి అలవాటుపడిన ఆ సర్క్యూట్ ఇక దాచలేని స్థితి వచ్చినప్పుడు ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. ఒకే పవర్ వాల్వు ఉన్న మామూలు రేడియోలో ఈ సవరణ తక్కువ. గొంతు తగ్గితే వాల్యూం మీట తిప్పి సరిపెట్టుకుంటారు. మూడో గీత దగ్గర మోగిన సెట్టు ఐదో గీత దగ్గర మోగుతోందన్న సంగతి ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే, అది ఏ వర్ణనకంటే నమ్మదగిన సాక్ష్యం.

జంట వాల్వులు ఎదురెదురుగా పనిచేసే యాంప్లిఫయర్లలో మరొక చిక్కు ఉంది. రెంటి ప్రవాహాలూ సమానంగా ఉన్నప్పుడు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుములో అవి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. పవర్ సప్లై నుండి వచ్చే హమ్ము కూడా చాలావరకు రద్దవుతుంది. ఒక వాల్వు ముందుగా అరిగితే ఆ సమతుల్యం చెదిరి, ఇనుము ఒకవైపు అయస్కాంతీకరణ చెంది, మంద్రస్వరాలు బిగువు కోల్పోతాయి. ఇద్దరిలో ఒకరినే మార్చడం ఈ జంటలకు పొసగదు.

కొత్త వాల్వు "వందల గంటలు మోగితేగాని తీయదనం రాదు" అనే నమ్మకం గురించి ఒక మాట. తొలి కొద్దిగంటలలో వాల్వు ప్రవాహం కొంత స్థిరపడడం కొలతకు అందే విషయమే. అంతకు మించినది వాల్వులో కంటే వినేవారిలో వచ్చే అలవాటని భావించడమే సమంజసం. రెండు వాల్వులను పోల్చాలంటే రెంటి ధ్వనిమట్టాన్నీ మీటరుతో సమానం చేయాలి. కొద్దిగా బిగ్గరగా ఉన్నదే మేలైనదిగా తోచడం చెవికి సహజం.

5. ఎండ, కరెంటు

గురజాల డివిజన్‌లోని రెంటచింతల వేసవి ఉష్ణోగ్రతలకు రాష్ట్రమంతటా పేరుపొందింది. అక్కడ 45 డిగ్రీలు దాటే రోజులు వార్తలుగా కూడా పాతబడిపోయాయి. ఈ వేడి వాల్వుకు చేటు అన్న భావన సహజమే గాని లెక్కకు నిలవదు. పనిచేసే ఈఎల్84 గాజుబుడ్డి వేడి రెండువందల డిగ్రీల దాపులో ఉంటుంది. లోపలి కాథోడ్ ఎనిమిది వందల డిగ్రీలకు చేరువలో ఉంటుంది. గది ఉష్ణోగ్రత 25 నుండి 45కు పెరిగినంత మాత్రాన కాథోడ్‌కు కలిగే మార్పు లెక్కించదగినది కాదు.

కండెన్సరు సంగతి వేరు. ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు వేడి ప్రతి పది డిగ్రీల పెరుగుదలకూ ఆయుర్దాయం సుమారు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్లు పాటించే సామాన్యసూత్రం. పెట్టె లోపల వేడి గదికంటే మరో ఇరవై డిగ్రీలు ఎక్కువనుకుంటే, చలికాలంలో 45 డిగ్రీల వద్ద ఉండే కండెన్సరు వేసవిలో 65 వద్ద ఉంటుంది. ఆ నెలల్లో దాని ఆయుష్షు నాలుగు రెట్ల వేగంతో కరుగుతుంది. లోపలి ద్రవం ఎండిపోయి హమ్ము మొదలవుతుంది. ఆ హమ్మునే "వాల్వు దోషం" అంటారు.

అంతకంటే ప్రమాదకరమైనది కప్లింగ్ కండెన్సరు. తొలిదశ వాల్వు ప్లేటుకూ, పవర్ వాల్వు గ్రిడ్‌కూ నడుమ సంకేతాన్ని మాత్రమే దాటించి, డీసీ వోల్టేజిని ఆపవలసిన కావలివాడు అది. పాత సెట్లలో దీనిని కాగితం, మైనంతో చేసేవారు. వేడికి మైనం కరిగి, ఆపై వానాకాలపు తేమ కాగితంలో చేరి, కావలి సడలుతుంది. ఎంత సడలితే ఎంత నష్టమో చిన్న లెక్క వేయవచ్చు. అవతల వంద వోల్టులు, కండెన్సరు లీకు ఇరవై మెగా ఓములు, గ్రిడ్ రెసిస్టెన్సు 470 కిలో ఓములు అనుకుంటే గ్రిడ్ మీద పడేది సుమారు 2.3 వోల్టులు. ఇరవై మెగా ఓములంటే మామూలు మీటరుకు కండెన్సరు దాదాపు నిర్దోషిగానే కనిపిస్తుంది. కాని గ్రిడ్ కాథోడ్‌కంటే 7.3 వోల్టులు తక్కువగా ఉంటేనే సరిగా పనిచేసే ఈఎల్84కు ఆ 2.3 వోల్టులు గొడ్డలిపెట్టు. అసలే పరిమితి అంచున ఉన్న ప్లేటు పరిమితి దాటుతుంది. కొత్త వాల్వు పెట్టిన కొద్ది నెలలకే మళ్లీ పాతపాట వినిపించడానికి చాలా సందర్భాలలో ఇదే కారణం. ఎండ చేసిన నేరానికి కండెన్సరు సాధనమైతే, శిక్ష అనుభవించేది వాల్వు.

వాల్వును నేరుగా దెబ్బతీయగలది కరెంటు. హీటరుకు 6.3 వోల్టులు, అటూ ఇటూ పదిశాతానికి మించకుండా అందాలి. 230 వోల్టులకు అమర్చిన సెట్టుకు 170 వోల్టులే అందితే హీటరుకు చేరేది సుమారు 4.7 వోల్టులు. కాథోడ్ చాలినంత కాగదు. కొత్త బేరియం పుట్టదు. మిగిలిన వాయువు పూతను విషపూరితం చేస్తుంది. అయితే ప్లేటు వోల్టేజి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది కనుక కాథోడ్ మీద భారమూ తగ్గుతుంది. తక్కువ వోల్టేజి చేసే హాని అందరూ అనుకొనేంత తీవ్రమైనది కాకపోవడానికి ఇది కారణం. తీవ్రమైనది దానికి చేసే విరుగుడు. సెట్టు వెనుకనున్న వోల్టేజి మీటను 200 దగ్గరకు జరిపి అలాగే వదిలివేశారనుకుందాం. పంపుసెట్లు ఆగిన రాత్రివేళ కరెంటు 245కు ఎక్కితే హీటరుకు 7.7 వోల్టులు చేరుతాయి. నిర్దేశిత 6.3 వోల్టులకంటే ఇరవై రెండు శాతం అధికం. బేరియం త్వరత్వరగా ఆవిరై గ్రిడ్ మీద పేరుకుంటుంది. పైన చెప్పిన గ్రిడ్ ఉద్గారానికి ఇది రాజమార్గం. ఫ్రిజ్‌కు వాడే స్టెబిలైజరును వాల్వు సెట్టుకు పెట్టడం వింతగా తోచవచ్చు గాని, పల్లె కరెంటు మీద నడిచే సెట్టుకు ఇంతకు మించిన ఆయుష్కరం లేదు.

మాటిమాటికీ ఆన్ చేయడం, ఆపడం కూడా లెక్కలోకి వస్తుంది. చల్లని హీటరు రెసిస్టెన్సు వేడి హీటరుకంటే అనేక రెట్లు తక్కువ. ఆన్ చేసిన క్షణంలో ప్రవాహం ఆ మేరకు ఉప్పొంగుతుంది. సుమారు పద్దెనిమిది వేల వాల్వులతో 1946లో ప్రకటితమైన ఎనియాక్ కంప్యూటర్‌లో వాల్వులు ఎక్కువగా పోయింది వేడెక్కేటప్పుడు, చల్లారేటప్పుడే. అందువల్ల దానిని ఆపకుండా నడిపారు. 1956లో అట్లాంటిక్ అడుగున వేసిన తొలి టెలిఫోన్ కేబుల్ రిపీటర్లలోని వాల్వులు, తక్కువ భారంతో, ఆగకుండా, 1978లో కేబుల్ విరమించేవరకు రెండు దశాబ్దాలకు పైగా పనిచేశాయి. ఇంటి సెట్టు విషయంలో దీని అర్థం రాత్రింబవళ్లు వెలిగించి ఉంచమని కాదు. మధ్యలో పావుగంట కరెంటు పోయి వచ్చే ఊళ్లో, వచ్చీపోయీ ఊగుతున్న ఆ కాసేపు మీట ఆపి ఉంచితే చాలు.

6. దోషిని గుర్తించే పద్ధతి

వాల్వు పరీక్షాయంత్రం నేడు ఊళ్లలో దొరికే వస్తువు కాదు. మామూలు మల్టీమీటరుతోనే ఎంతో తెలుసుకోవచ్చు. కాథోడ్‌కు 135 ఓముల రెసిస్టెన్సు ఉన్న ఈఎల్84లో, దాని మీద 7.3 వోల్టులు కనిపిస్తే ప్రవాహం, స్క్రీన్ వాటాతో కలిపి, 54 మిల్లీ ఆంపియర్లు. అది ఆరోగ్యం. ప్లేటు వోల్టేజి సరిగా ఉండి కూడా ఇది ఐదు వోల్టులకు దిగితే ప్రవాహం 37కు పడిపోయిందన్నమాట, వాల్వు అరిగింది. పది వోల్టులు చూపితే ప్రవాహం 74. ఇది బలం కాదు, జ్వరం. అప్పుడు మూడో పిన్నును వదిలి రెండో పిన్ను, అంటే గ్రిడ్ వద్ద చూడాలి. అక్కడ ధన వోల్టేజి ఉంటే, సెట్టు ఆపి వాల్వు తీసి, మళ్లీ ఆన్ చేసి కొలవాలి. వాల్వు లేకపోయినా ఆ వోల్టేజి నిలిచి ఉంటే దోషి కప్లింగ్ కండెన్సరు. వాల్వుతోపాటు అదీ మాయమైతే దోషి వాల్వే, లోపల వాయువో గ్రిడ్ ఉద్గారమో ఉన్నట్లు. వాల్వు తీసినప్పుడు మిగతా వోల్టేజీలు కొంత పెరుగుతాయి కనుక ఈ కొలత త్వరగా ముగించాలి. గ్రిడ్ రెసిస్టెన్సు పెద్దది కనుక మీటరు అంతర్నిరోధం పది మెగా ఓములు ఉండడం అవసరం.

ఈ కొలతలు అనుభవం లేనివారు చేయదగినవి కావు. ప్లేటు సరఫరా 250 నుండి 300 వోల్టులు. సెట్టు ఆపిన తరువాత కూడా ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లలో ఆ ఆవేశం మిగిలి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ రకపు రేడియోలు మరీ అపాయకరం. యూఎల్84, యూవై85 వంటి వాల్వుల హీటర్లను వరుసగా కలిపి నేరుగా మెయిన్సు మీద నడిపే ఆ సెట్లలో ఇనుప చట్రమే కరెంటు తీగకు తగిలించి ఉంటుంది. ప్లగ్గును తిరగేసి పెడితే చట్రం మొత్తం షాకు కొడుతుంది. ఆ సెట్లలో ఒక్క హీటరు తెగినా అన్ని వాల్వులూ ఆరిపోతాయి. "అన్ని వాల్వులూ కాలిపోయాయి" అని అమ్మేసిన సెట్టులో పోయింది ఒక్కటే కావచ్చు.

పనులు చేపట్టవలసిన వరుస కూడా దీనిని బట్టి తేలుతుంది. దశాబ్దాలు అటక మీద ఉన్న సెట్టును ఆత్రంగా ప్లగ్గుకు తగిలించకూడదు. ముందు కప్లింగ్ కండెన్సరు, ఆ వెంట ఎలక్ట్రోలిటిక్‌లు, విలువ మారిన కార్బన్ రెసిస్టెన్సులు మార్చి, వోల్టేజి మీట స్థానం సరిచూసి, అప్పుడు మాత్రమే వాల్వుల దగ్గరకు రావాలి. ఈ క్రమంలో పాత వాల్వులు తిరిగి చక్కగా మోగడం అరుదైన సంగతి కాదు.

కొత్తవాటిని కొనవలసి వచ్చినప్పుడు పెట్టెను చూసి మోసపోయే అవకాశం ఉంది. వాడకుండా నిల్వ ఉన్న వాల్వు కాథోడ్ పెట్టెలో ముసలిదికాదు. వేడి లేనిదే బేరియం ఖర్చుకాదు కనుక అరవైల నాటి బెంగుళూరు వాల్వు నేటికీ కొత్తదిగానే పనిచేయగలదు. అయితే వాడి, తుడిచి, పాతపెట్టెలో పెట్టిన వాల్వు కూడా చూపుకు అటువంటిదే. గెటర్ మెరుపు అంచులు గోధుమరంగుకు తిరిగి పలుచబడడం, బుడ్డి లోపల గాజు నల్లబారడం, పిన్నుల మీద సాకెట్టు గీతలు కొంత ఆచూకీ ఇస్తాయి. నిర్ధారణ మాత్రం కాథోడ్ రెసిస్టెన్సు మీది వోల్టేజిదే. అమ్మేవారి ఎదుటే, దోషరహితమని ముందే తేల్చుకున్న సెట్టులో పెట్టి, పది నిమిషాలు కాగనిచ్చి ఆ వోల్టేజి కొలవాలి. మరో పావుగంట తరువాత మళ్లీ కొలవాలి. రెండో కొలత మొదటిదానికంటే ఎక్కుతూ పోతుంటే, ఎంత మెరిసినా ఆ వాల్వు పుచ్చుకోదగినది కాదు.